ఐన్‌హార్డు వ్రాయక విడిచిన పాటలు

“ఫిరంగి” యను మాట నెఱుగని తెలుగువాడుండడు. కోట బురుజుపై నుండు గుండ్ల గొట్టమునకు మన పెద్దలు వాడిన పేరది. చెన్నపట్టణమున కాపురముండు మనవారు సెయింటు థామస్ మౌంటును తమిళులతోపాటు పరంగిమలై యనియే పిలుతురు. కడలూరునకు దక్షిణమున సముద్రపుటొడ్డున పరంగిపేట యను పాత రేవు కలదు. తమిళుల యిండ్లలో గుమ్మడికాయకు పరంగిక్కాయ్ అని పేరు. ఈ మాటలన్నిటికిని మూలమొక్కటే. అది ఫ్రాంకులను జాతి పేరు. క్రుసేడు యుద్ధముల కాలమున అరబ్బులు పశ్చిమ ఐరోపావాసుల నందఱిని “ఇఫ్రంజ్” అనిరి. పారసీకుల నోట అది “ఫరంగి” యైనది. 1498లో వాస్కో డ గామా కళ్లికోటకు వచ్చిన పిదప ఆ పేరు పోర్చుగీసువారికి తగిలి, వారి ఆయుధములకును, వారున్న కొండకును, సముద్రము దాటి వచ్చిన కాయకును అంటుకొనెను. యానాములోని మనవారు 1954 వఱకు ఏ దేశపు జెండాక్రింద బ్రదికిరో, ఆ ఫ్రాన్సు దేశమునకు పేరిచ్చినవారును ఈ ఫ్రాంకులే.

ఇంత దూరము పేరు ప్రాకిన ఆ జాతివారు తమ యిండ్లలో మాటలాడుకొన్న భాష యేమైనది? వారు గెలిచి నిలిచిన గాల్ దేశమున, అనగా నేటి ఫ్రాన్సులో, అది యేల నిలువలేదు? ఈ ప్రశ్నను మనస్సున నుంచుకొని మేము ఐన్‌హార్డు వ్రాసిన “షార్లమేను చరిత్ర”ను మఱల చదివితిమి. మాకు లాటిన్ రాదు. ఆంగ్లానువాదములనే చదువగలిగితిమి. కావున మా విమర్శ శైలిని గూర్చి తక్కువగను, విషయమును గూర్చి ఎక్కువగను ఉండును. ఇల్లు విడిచి వచ్చి తరతరములుగా పరభాషల నడుమ నివసించు మనవంటి కుటుంబములకు ఈ గ్రంథమున ఒక అధ్యాయము మిక్కిలి ముఖ్యమని మాకు తోచినది. ఆ యధ్యాయమును గూర్చియే ముఖ్యముగా ఈ వ్యాసము.

మొదట ఫ్రాంకులెవరో, వారు ఐరోపాకు ఏమిచ్చిరో సంగ్రహముగా చెప్పవలెను. వారు రైన్ నదీతీరమున నుండిన జర్మన్ తెగలవారు. రోమక సామ్రాజ్యము పశ్చిమమున కూలుచుండగా వారి రాజు క్లోవిస్ 486లో స్వాసోన్ వద్ద రోమక సేనాని సియాగ్రియసును, 507లో వూయే వద్ద విసిగోతులను ఓడించి గాల్ దేశమున అధిక భాగమును వశపఱచుకొనెను. అతడు కాథలిక్ మతము స్వీకరించుటచే దేశములోని రోమక ప్రజలకును, బిషప్పులకును పరాయివాడు కాకపోయెను. తక్కిన జర్మన్ రాజులలో ననేకులు ఏరియన్ మతము నవలంబించి ప్రజలకు దూరమైరి. క్లోవిస్ చేసిన పని వలన పాలకులకును పాలితులకును నడుమ నున్న గోడలలో నొకటి కూలినది.

ఇంకొక గోడ చట్టములో నుండెను. “సాలిక్ శాసనము” అను ఫ్రాంకుల స్మృతిలో, స్వతంత్రుడైన ఫ్రాంకును చంపినవాడు 200 సొలిదులు చెల్లింపవలెను. భూవసతిగల రోమకుని చంపినవాడు 100 సొలిదులు చెల్లించిన చాలును. ఒక ప్రాణము వెల రెండవదానికి సగము! అయినను ఈ శాసనమును గెలిచినవారు ఏ భాషలో వ్రాయించిరి? ఓడినవారి లాటిన్ భాషలో. న్యాయసభలో పలుకవలసిన కొన్ని ఫ్రాంకు మాటలు మాత్రము ఆ లాటిన్ నడుమ అక్కడక్కడ చేర్పబడినవి. వ్రాయసగాండ్రు వాని యర్థము తెలియక తప్పుతప్పుగా ఎత్తివ్రాసిరి. ప్రాచీన ఫ్రాంకు భాషకు నేడు మిగిలిన ముఖ్యమైన ఆనవాళ్లలో ఆ వికృతమైన మాటలు కొన్ని. వెలలో రోమకుని ప్రాణము సగమైనను, వ్రాతలో ఫ్రాంకుని భాష సగము కూడ కాలేదన్నమాట.

768లో రాజై, 800 సంవత్సరము డిసెంబరు 25న రోములో చక్రవర్తిగా పట్టాభిషిక్తుడై, 814 జనవరి 28న ఆఖెన్ నగరమున మరణించిన షార్లమేను కాలమున ఫ్రాంకుల ప్రభావము శిఖరము నందుకొనెను. అతడు ఒక పౌను వెండినుండి 240 దేనియెర్ నాణెములు కొట్టించు పద్ధతిని స్థిరపఱచెను. పన్నెండు దేనియెర్లు ఒక సొలిదు, ఇరువది సొలిదులు ఒక పౌను. ఇంగ్లండులో 1971 ఫిబ్రవరి వఱకు నడచిన పౌను, షిల్లింగు, పెన్నీల లెక్క యిదియే. అతని యేలుబడిలో మఠములందు గుండ్రని, తేటయైన యొక లిపి వ్యాపించెను. సుమారు ఆఱువందల యేండ్ల తరువాత ఇటలీ పండితులు దానిని చూచి అది ప్రాచీన రోమకుల లిపియని భ్రమపడి స్వీకరించిరి. నేడు మన పిల్లలు ఇంగ్లీషు పుస్తకములలో చదువు చిన్న అక్షరములు దాని సంతతియే. లాటిన్ గ్రంథములలో అనేకములకు ఇప్పుడు దొరకు అతి ప్రాచీన ప్రతులు ఆ తొమ్మిదవ శతాబ్దివి. ఆ మఠముల వ్రాయసగాండ్రు ఎత్తివ్రాయకున్నచో సీజరు వ్రాసిన గాల్ యుద్ధచరిత్ర సహితము మనకు దక్కియుండునో లేదో. ఇక తూర్పు ఐరోపాలో షార్లమేను పేరైన “కార్ల్” అనునదియే రాజు అను నర్థము గల సామాన్యపదమైనది. చెక్కులు “క్రాల్” అనియు, పోలండువారు “క్రూల్” అనియు, రష్యనులు “కొరోల్” అనియు అందురు.

ఇంతటి రాజును గూర్చి అతని కొలువులో నుండి, అతనిని కన్నులార చూచి వ్రాసినవాడు ఐన్‌హార్డు. ఇతడు సుమారు 770 ప్రాంతమున జన్మించి, ఫుల్డా మఠమున చదువుకొని, ఆఖెన్ కొలువు చేరెను. పొట్టివాడు, చురుకైనవాడు. షార్లమేను గతించిన కొన్ని యేండ్లకు ఈ చరిత్రను రచించి, 840లో మరణించెను. గ్రంథము చిన్నది. ముప్పదిమూడు చిన్న అధ్యాయములు మాత్రమే. రోమక రచయిత సుయటోనియస్ వ్రాసిన చక్రవర్తుల చరిత్రలను, అందును అగస్టసు చరిత్రను, ఇతడు ఒజ్జబంతిగా పెట్టుకొనెను. కొన్నిచోట్ల మాటలు కూడ అందుండియే తెచ్చుకొనెను. ఫ్రాంకుల రాజును వర్ణింప రోమక చక్రవర్తి కొలతలు వాడుట ఒక లోపమే.

అయినను ఈ గ్రంథమున ప్రాణమున్నది. రాజు తన పాదము కొలతకు ఏడింతల పొడవనియు, మెడ కురుచ యనియు, పొట్ట కొంచెము ముందుకు వచ్చియుండెననియు, అంత దేహమునకు గొంతు సన్నమనియు ఐన్‌హార్డు దాపఱికము లేక చెప్పును. వైద్యులు కాల్చిన మాంసము మానుమనగా రాజు వారిని ద్వేషించెనట. ఫ్రాంకుల వేషమునే ధరించెడివాడనియు, పోపుల కోరికపై రోములో రెండు పర్యాయములు మాత్రమే పరదేశపు దుస్తులు తొడిగెననియు వ్రాసెను. లాటిన్‌ను తన మాతృభాషవలె మాటలాడెడివాడట. గ్రీకు అర్థమగును గాని అంతగా పలుకలేడట. వ్రాత నేర్చుకొనవలెనని పలకలు దిండుక్రింద పెట్టుకొని, తీరికవేళ అక్షరములు దిద్దెనట. కాని ఆలస్యముగా మొదలిడుటచే వ్రాత పట్టుబడలేదట. సగము ఐరోపాను ఏలినవాడు రాత్రివేళ మేల్కొని అక్షరములు దిద్దుకొనుట చదివినప్పుడు ఆ రాజుపై మనకు గౌరవము పెరుగును. ఈ విషయము చెప్పినందులకు ఐన్‌హార్డునకు కృతజ్ఞులము.

అతని దోషములును చెప్పవలెను. రాజు బాల్యమును గూర్చి చెప్పువారు లేరని యొక్క మాటతో దాటవేయును. 772 మొదలు 804 వఱకు సాగిన సాక్సను యుద్ధములను వర్ణించుచు, 782లో వెర్డెన్ వద్ద ఒక్క దినమున 4,500 మంది సాక్సనులు తలలు నఱకబడిరని ఆ కొలువు వార్షిక చరిత్రయే చెప్పుచున్న విషయమును ఇతడు ఎత్తడు. ఉప్పు తిన్న కొలువును గూర్చి వ్రాయువాడు తూకము సరిగా పట్టుట కష్టము.

ఇక మేము చెప్పదలచిన ఇరువదితొమ్మిదవ అధ్యాయము. చక్రవర్తి యైన పిదప షార్లమేను మూడు పనులు తలపెట్టెనని ఐన్‌హార్డు అందు వ్రాసినాడు. ఒకటి, తన ప్రజల చట్టములను సంస్కరించుట. రెండవది, పూర్వరాజుల చేష్టలను యుద్ధములను కీర్తించు అతి ప్రాచీనములైన దేశభాషా గేయములను వ్రాయించి నిలుపుట. మూడవది, తన మాతృభాషకు వ్యాకరణము వ్రాయ మొదలిడుట. వ్రాత చేతికి లొంగని రాజు తన తల్లిభాషకు వ్యాకరణము కావలెననుకొనెను! దాని వెంటనే, రాజు పన్నెండు నెలలకును పన్నెండు గాలులకును ఫ్రాంకు పేర్లు ఏర్పఱచెనని చెప్పి, ఐన్‌హార్డు వానినన్నిటిని వరుసగా వ్రాసెను. జనవరి చలినెల, ఏప్రిలు ఓస్తర్ నెల, జూలై ఎండుగడ్డి నెల, ఆగస్టు కోతల నెల, సెప్టెంబరు కట్టెల నెల, అక్టోబరు ద్రాక్షకోత నెల, డిసెంబరు పవిత్రమాసము. ఇట్లు ఒక వ్యవసాయజాతి సంవత్సరమంతయు మన కన్నులయెదుట నడచును.

పేర్లు దక్కినవి. వ్యాకరణము పోయినది. పాటలు పోయినవి. ఒక్క చరణమైనను, ఒక్క రాజు పేరైనను, ఆ సంపుటములోనిదని నిశ్చయముగా చెప్పదగినది నేడు లేదు.

ఐన్‌హార్డుపై మా ప్రధానమైన అభియోగమిది. అతడు ఆ కొలువులో నుండెను. ఆ పాటలు విని యుండకపోడు. గాలుల పేర్లు ఇరువదినాలుగు దిక్కుల లెక్కగా కాకున్నను, పన్నెండును తప్పక వ్రాయుటకు చోటు దొరకినది. పాటను గూర్చి ఒక్క వాక్యము చాలుననుకొనెను. ఏ రాజును గూర్చినవి, ఎవరు పాడిరి, ఎన్ని పాటలు, ఎవరిచే వ్రాయించిరి, ఆ పుస్తకమెచ్చట నున్నది, అను ప్రశ్నలలో ఒకదానికిని జవాబు లేదు. పైగా ఆ గేయములకు అతడు వాడిన విశేషణము “బర్బరములు” అని. ఇట్టివాడు తన పీఠికలో, ఇంత గొప్ప రాజు చరిత్ర మఱపుచీకటిలో కలసిపోరాదని పూనుకొంటినని వ్రాసినాడు! మఱపును గూర్చి అంత భయపడినవాడు తన యెదుటనే మఱుగుపడనున్న దానిని గుర్తింపలేదు.

దీనికి కారణము అదే పీఠికలో నున్నది. తాను రోమకుల భాషలో అంతగా పరిశ్రమలేని బర్బరుడనని అతడు వినయముతో క్షమార్పణ చెప్పుకొనెను. లాటిన్‌లో వ్రాయబూనినందులకు సిగ్గుపడెను గాని, తన భాషలో వ్రాయనందులకు సిగ్గుపడలేదు. చదువుకొన్నవానికి ఇంటిభాష పనివారితోను, గుఱ్ఱములవారితోను మాటలాడుటకు మాత్రమే యని తోచు కాలములు ప్రతిదేశమునను వచ్చును. అది ఒక్క ఐన్‌హార్డు తప్పు కాదు. ఆ కొలువు తప్పు. అయినను అతడే ఆ కొలువునకు నోరు గనుక నింద అతనికే తగులును.

పాటలు పోవుటకు షార్లమేను కుమారుడైన లూయీ చక్రవర్తి కారకుడని, అతడు వానిని తగులబెట్టించెనని కొందఱు వ్రాయుదురు. ఇది న్యాయము కాదు. లూయీ చరిత్రకారుడైన తేగాన్, తన బాల్యమున నేర్చిన అన్యమత గేయములను అతడు తిరస్కరించి, చదువుటకు గాని, వినుటకు గాని, నేర్పుటకు గాని ఇష్టపడలేదని మాత్రమే చెప్పెను. తగులబెట్టుట అందు లేదు. ఆ గేయములు ప్రాచీన లాటిన్ కావ్యములే కావచ్చునని కూడ పండితుల వాదము. ఇంతకంటె సహజమైన కారణము ఐన్‌హార్డు గ్రంథాంతమునందే కలదు. 811లో వ్రాయించిన వీలునామాలో షార్లమేను తన గ్రంథాలయములోని పుస్తకములను తగిన వెలకు అమ్మి, ఆ సొమ్ము బీదలకు పంచుమని ఆదేశించెను. ఆ పాటల పుస్తకము ఆ గ్రంథాలయమున నుండియుండినచో, అదియు అమ్మకమునకు పోయియుండును. లాటిన్ గ్రంథము కొన్న మఠము దానికి మఱియొక ప్రతి వ్రాయించును. పాటల పుస్తకము కొన్నవాడు దానిని ఎవరిచేత ఎత్తివ్రాయించును?

ఇచ్చట మా యనుభవము నొక్కమాట చెప్పుట అవసరమగుచున్నది. మేము ఉద్యోగకాలమంతయు గుమాస్తాగా దస్త్రముల నడుమ గడపితిమి. నిప్పువలన పోయిన కాగితము మా యెఱుకలో ఒక్కటియు లేదు. ఎవరికిని అక్కఱలేదని నకలు తీయక విడిచినవే చెదపట్టి పోయినవి. ఫ్రాంకుల పాటలును అట్లే పోయినవని మా నమ్మకము. శత్రువు అవసరము లేదు. తరువాతి తరమున నకలు వ్రాయువాడు లేకున్న చాలును.

ఇందులకు సాక్ష్యముగా ఒక ప్రతి కలదు. ఐన్‌హార్డు చదువుకొన్న ఫుల్డా మఠముననే, తొమ్మిదవ శతాబ్దిలో, ఇద్దఱు వ్రాయసగాండ్రు ఒక లాటిన్ మతగ్రంథమునకు మొదటను చివరను మిగిలిన ఖాళీ పుటలపై ప్రాచీన జర్మన్ వీరగాథ నొకదానిని వ్రాసిరి. తండ్రియైన హిల్డెబ్రాండునకును, అతనిని గుర్తింపని కుమారునకును జరిగిన ద్వంద్వయుద్ధము అందలి కథ. అరువదియెనిమిది పంక్తులు. తండ్రికొడుకులు కత్తులు దూసి డాలులు ముక్కలగునట్లు పోరుచుండగా పుట ముగిసినది. కథయు అచ్చటనే తెగిపోయినది. పేరు తెలియని ఆ యిద్దఱును పొదుపుగా వాడిన రెండు ఖాళీ పుటలు జర్మన్ వీరగాథా సాహిత్యమునకు ఆధారములైనవి. కొలువులో గౌరవమందిన ఐన్‌హార్డు చేయని పని వారు చేసిరి.

షార్లమేను తరువాత ఫ్రాంకుల భాషకు ఏమి జరిగినదో చూడుడు. అతడు బ్రదికియుండగనే, 813లో తూర్ నగరమున సమావేశమైన బిషప్పులు, ప్రజలకు అర్థమగుటకై ధర్మోపదేశములను గ్రామ్యమైన రోమక భాషలోనో జర్మన్ భాషలోనో చెప్పవలెనని తీర్మానించిరి. 842 ఫిబ్రవరి 14న అతని మనుమలైన లూయీ, చార్లెస్ అను సోదరులు స్ట్రాస్‌బర్గులో తమ అన్న లొతేరునకు వ్యతిరేకముగా ఒడంబడిక చేసికొనిరి. తూర్పురాజైన లూయీ తమ్ముని సైన్యమునకు తెలియుటకై రోమక దేశభాషలోను, పశ్చిమరాజైన చార్లెస్ అన్న సైన్యమునకు తెలియుటకై జర్మన్ భాషలోను ప్రమాణము చేసిరి. షార్లమేనునకు దౌహిత్రుడైన నిథార్డు ఆ రెండు ప్రమాణములను ఉన్నవియున్నట్లు తన చరిత్రలో వ్రాసిపెట్టెను. ఫ్రెంచి భాషకు తొలి వ్రాతగా నేడు చూపునది ఆ పంక్తులే. నిథార్డు చేసినది ఎంత చిన్నపని! విన్న మాటను విన్నట్లు వ్రాయుట. అదియే ఐన్‌హార్డు చేయలేదు. మఱుసటి యేడు వెర్డన్ సంధితో రాజ్యము మూడు ముక్కలైనది.

పశ్చిమమున ఫ్రాంకుల భాష మెల్లమెల్లగా ఇంకిపోయినది. 881లో సోకూర్ వద్ద నార్మనులను ఓడించిన పశ్చిమరాజు మూడవ లూయీని కీర్తించు గేయమొకటి జర్మన్ భాషలో కలదు. అది వాలెన్సియెన్ గ్రంథాలయములోని ఒక ప్రతిలో నున్నది. అదే ప్రతిలో సెయింట్ యులేలీ అను పుణ్యస్త్రీని గూర్చిన ఫ్రెంచి గేయమును ఉన్నది. రెండింటిని వ్రాసినది ఒక్క చేయియే యని పండితులు చెప్పుదురు. ఆ వ్రాయసగాడు రెండు భాషలకును ఒకే కలము వాడెను; ఒకదానికొఱకు రెండవదానిని విడువలేదు. ఆ ప్రతి నొక్కసారి కన్నులార చూడవలెనని మాకు కోరిక.

ఆ పిదప పశ్చిమమున ఫ్రాంకుల భాష మాటలుగా మాత్రమే మిగిలినది. ఫ్రెంచివారు యుద్ధమును “గేర్” అందురు, తోటను “జార్దేన్” అందురు, నీలిరంగును “బ్లూ” అందురు. అవి ఫ్రాంకులనుండి వచ్చినవి. “మార్షల్” అను గొప్ప బిరుదునకు ఫ్రాంకు భాషలో గుఱ్ఱపు సేవకుడని యర్థము. లూయీ, చార్లెస్, రాబర్ట్ అను పేర్లును వారివే. ఇంటిపేరు మిగిలినది, ఇంటిభాష పోయినది. 778లో పిరనీసు కొండలలో బాస్కులు వెనుకదండుపై బడి చంపిన రోలాండును గూర్చి ఐన్‌హార్డు ఒక్క వాక్యము వ్రాసెను. మూడువందల యేండ్ల తరువాత, సుమారు 1100 ప్రాంతమున, ఆ రోలాండు నాలుగువేల పంక్తుల కావ్యమునకు నాయకుడయ్యెను. అందు బాస్కులు సారసెనులైరి. షార్లమేను రెండువందల యేండ్ల వృద్ధుడయ్యెను. కావ్యము గొప్పది. కాని ఆ భాషను రోలాండు తన యింట మాటలాడియుండడు.

తూర్పుభాగమున కథ వేఱుగా నడచెను. అదే ఫుల్డా మఠమున చదివిన ఓట్‌ఫ్రిడ్ అను సన్యాసి సుమారు 863-871 నడుమ క్రీస్తు చరిత్రను ఏడువేలకు పైగా పంక్తులలో ఫ్రాంకు మాండలికమున రచించెను. ఈ గ్రంథమును స్వభాషలో నేల వ్రాసితినో చెప్పుటకు ప్రత్యేకముగా ఒక అధ్యాయము పెట్టెను. అన్ని జాతులవారును తమ తమ భాషలలో దేవుని కీర్తింపగా ఫ్రాంకులు మాత్రమేల విడువవలెనని అతని వాదము. లాటిన్‌లో వ్రాసిన లేఖలో తన భాష మోటుదనియు, దాని ధ్వనులు లాటిన్ అక్షరములకు లొంగుట లేదనియు కష్టములను చెప్పుకొనెను. అయినను మానలేదు. వియన్నాలోని ప్రతిలో కానవచ్చు దిద్దుబాట్లు అతని స్వహస్తమువేనని చెప్పుదురు. ఐన్‌హార్డు, ఓట్‌ఫ్రిడ్ ఇద్దఱును ఒక మఠపు విద్యార్థులు, ఒక జాతివారు. ఇద్దఱికిని తమ భాష మోటుదని తెలియును. మొదటివాడు అందుచే విడిచెను. రెండవవాడు అయినను వ్రాసెను. భాషలకు గతులు ఏర్పడుట పెక్కు కారణములవలన. ఒక్క గ్రంథము వలన కాదు. తూర్పున చుట్టునున్నవారును జర్మన్ మాటలాడువారే. పశ్చిమమున ఫ్రాంకులు కొద్దిమంది. ఐన్‌హార్డు ఎన్ని పాటలు వ్రాసినను పారిసులో ఆ భాష నిలిచియుండెడిది కాదు. ఆ మాట మేము ఒప్పుకొందుము.

మఱియొక ఆక్షేపణను కూడ వినవలెను. ఫ్రాంకులు లాటిన్‌ను చేపట్టకున్నచో వారి ప్రభావము ఐరోపా యంతట వ్యాపించునా? నాణెము, లిపి, చట్టము, చదువు, ఇవన్నియు లాటిన్ వలననే కదా దేశములు దాటినవి? ఐన్‌హార్డు ఫ్రాంకు భాషలో వ్రాసినచో నేడు మేమైనను చదివియుందుమా? ఈ వాదమున బలమున్నది. నలుగురితో కలసి బ్రదుకువాడు నలుగురి భాషను చేపట్టవలసినదే. అందు అవమానము లేదు. గాల్ దేశపు ఫ్రాంకు ఫ్రెంచివాడై ఏమి చెడిపోయెను? అతని సంతతి గొప్ప సాహిత్యమును సృష్టించెను. కాని లాటిన్‌లో ముప్పదిమూడు అధ్యాయములు వ్రాయుటకును, ఇంటిపాటలు పది ఎత్తివ్రాసి యుంచుటకును వైరమెక్కడిది? తోలుకాగితము కొలువులో లోటు కాదు. వ్రాయసగాండ్రు లోటు కాదు. రాజాజ్ఞయే కలదు. లోపించినది అది వ్రాయదగినదే యను తలంపు. భాష నిలుచుట మన చేతిలో లేకపోవచ్చును. దాని పాటను కాగితముపై పెట్టుట మన చేతిలోనిదే.

మన దక్షిణదేశమున తంజావూరు ఇందుకు మంచి యుదాహరణము. తమిళదేశము నడుమ తెలుగు నాయకరాజులు, వారి పిదప మరాఠీ మాటలాడు భోసలవంశపు రాజులు సహితము తెలుగు యక్షగానములు వ్రాసిరి, వ్రాయించిరి. ఆ కొలువులు నేడు లేవు. ఆ తాటాకులు సరస్వతీమహలులో నున్నవి. ఎవరో గంటముతో వ్రాసినందుచేతనే విజయరాఘవనాయకుని కొలువులో ఏమి ఆడిరో, ఏమి పాడిరో మనకు తెలిసినది.

ఐన్‌హార్డు గ్రంథమును మా పాఠకులు తప్పక చదువవలెను. చిన్న పుస్తకము, రెండు సాయంకాలములలో ముగియును. రాజును మనిషిగా చూపిన గ్రంథములలో దానికి ఉన్నతస్థానము కలదు. చదువునప్పుడు ఇరువదితొమ్మిదవ అధ్యాయమున కొంతసేపు ఆగుడు. గాలుల పేర్ల పట్టిక చివరకు వచ్చినప్పుడు, ఆ పుటపై ఏమి లేదో కూడ చూడుడు.

ఐన్‌హార్డును ఇంతగా నిందించిన మేము నిర్దోషులము కాము. మా మాతామహి మా యింట పెండ్లిండ్లలో అప్పగింత పాట యొకటి పాడెడిది. మూడు తరముల క్రిందట వలస వచ్చినప్పుడు మా వారు తెచ్చుకొన్న పాట యది. అందు తెలుగు మాటలతోపాటు ఈ దేశపు మాటలును కలసియుండెను. మేము ఉద్యోగములో వేలకొలది పుటలు పరులకొఱకు వ్రాసితిమి. ఆ పాటను మాత్రము వ్రాసికొనలేదు. ఆమె యున్నంతకాలము వ్రాయవలసిన పనిలేదనుకొంటిమి. ఇప్పుడు మాకు రెండు చరణములే జ్ఞప్తియందున్నవి; మూడవ చరణము మొదటి మాట వఱకు వచ్చి ఆగిపోవుదుము. మా పినతల్లి కొమార్తె యొకతె వేఱొక యూరిలో నున్నది. ఆమెకు మిగిలినది వచ్చునేమో యని ఈ వ్యాసము ముగించిన వెంటనే జాబు వ్రాయుచున్నాము. ఈ సంచిక చదువు కుటుంబములలో అట్టి ముసలమ్మ యెవరైన నున్నచో, పిల్లవానికొక నోటుపుస్తకమిచ్చి ఆమె ప్రక్కన కూర్చుండబెట్టుడు. ఏ లిపిలో వ్రాసినను సరియే. వాడు ఎఱిగిన లిపిలో వ్రాయనిండు.